తొంభై రోజులు పక్కన పెట్టిన ఫైలు: అనంతపురం దగ్గర ఒక డేటా సెంటర్ కేస్ స్టడీ

ఊరి పేరు, కంపెనీ పేరు ఇందులో రాయడం లేదు. ఫైలు ఇంకా నడుస్తోంది, ఊళ్లో వాళ్లు రోజూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. అనంతపురానికి దగ్గర్లో, 44వ నంబరు జాతీయ రహదారి నుంచి కాస్త లోపలికి ఉండే ఊరని చెబితే చాలు. బుడ్డలు (వేరుశెనగ), చీనీ (బత్తాయి) తోటలు, వాన పడితే కందులు. నేను ప్రైవేటుగా పనిచేసే టౌన్ ప్లానర్‌ని. లేఅవుట్లు, భూ వినియోగ మార్పిడి ఫైళ్లు నా రోజువారీ పని. ఇన్నేళ్లలో ఎక్కువగా దరఖాస్తుదారుల పక్కనే కూర్చున్నాను. ఈసారి పంచాయతీ పక్కన కూర్చున్నాను.

సంక్రాంతి అయిన వారానికి సర్పంచ్ ఫోన్ చేశారు. "సార్, నోటీసు ఒకటి వచ్చింది. మీరొకసారి వచ్చి చూసిపోండి" అన్నారామె. మాస్టర్ ప్లాన్‌లో వ్యవసాయ జోన్‌లో ఉన్న 40 ఎకరాల మెట్ట భూమిని పారిశ్రామిక వినియోగానికి మార్చమని దరఖాస్తు వచ్చిందనీ, అభ్యంతరాలుంటే 15 రోజుల్లో చెప్పమనీ ఆ నోటీసు సారాంశం. దేనికోసం మారుస్తున్నారన్న చోట రెండే మాటలున్నాయి: 'ఐటీ సదుపాయం'. జతచేసిన ప్రాజెక్టు రిపోర్టు తెప్పించి చదివితే అది 20 మెగావాట్ల డేటా సెంటర్, అంటే సర్వర్లనే కంప్యూటర్లు రాత్రీపగలూ నడిచే కేంద్రం.

2025 అక్టోబర్ 14న గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించింది. అప్పటి నుంచి మా వైపు భూముల బేరాల్లో డేటా సెంటర్ అనే మాట వినబడని రోజు లేదు. అందులో సగం ఉత్తమాట. ఈ దరఖాస్తు మాత్రం నిజమైనదే. డబ్బున్న కంపెనీ, రిజిస్ట్రేషన్ అయిన భూమి.

గ్రామసభ

రచ్చకట్ట దగ్గర షామియానా వేశారు. ఊరు రెండుగా ఉంది. ఇంజనీరింగ్ చదివి బెంగళూరులో అద్దె గదుల్లో ఉంటున్న పిల్లల తల్లిదండ్రులు ఒకవైపు. "ఎన్నేండ్లని పిల్లోల్లను బస్సెక్కిస్తాం సార్? ఇక్కడికే వస్తామంటే మనమే అడ్డం పడాల్నా?" అని ఒక తల్లి అడిగితే జవాబు చెప్పడం నాకు తేలిక కాలేదు. బోర్ల మీద చీనీ చెట్లు బతికించుకుంటున్నవాళ్లు ఇంకోవైపు. వాళ్లలో ఒక పెద్దాయన లేచి, "కంప్యూటర్లు పెట్టే ఇల్లంట గదా. కంప్యూటర్లకు దప్పికేంది సార్?" అన్నాడు. ఆయన ఎగతాళి చేయలేదు, తెలుసుకుందామని అడిగాడు. ఆ ప్రశ్నకు సరైన లెక్కతో జవాబు రిపోర్టులో ఎక్కడా లేదు. అక్కడున్నది 'నీటి వినియోగం పరిమితం' అన్న ఒక్క వాక్యం.

ఆ రోజు తీర్మానం 'వద్దు' అని రాయలేదు. రాయవద్దని నేనే పట్టుబట్టాను. వద్దన్న తీర్మానం పైకి వెళ్తే ఒక అభ్యంతరంగా నమోదై, ఒక వాక్యంలో తోసిపుచ్చబడి, ఫైలు ముందుకు కదులుతుంది. బదులుగా ఇలా రాశాం: ఏ భూమిలో ఏం కట్టవచ్చో చెప్పే జోనింగ్ నిబంధనల్లో డేటా సెంటర్‌కు ప్రత్యేకమైన పద్దు లేదు; నీళ్లు, శబ్దం, కరెంటు లైన్ల మీద కింది ప్రశ్నలకు జవాబులు వచ్చి, ఆ పద్దు తేలేవరకు ఈ ఫైలును నిలిపి ఉంచండి. ప్రశ్నలు పదకొండు. ఏ ప్రశ్నకు జవాబు ఏ శాఖ ఇవ్వాలో పక్కనే రాశాం. ప్లానింగ్ అథారిటీ, అంటే పట్టణాభివృద్ధి సంస్థ, ఆలోచించి 90 రోజులు వాయిదా వేసింది.

ఆపే అధికారం ఎవరిది

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే వాట్సాప్‌లో "అమెరికాలో ఆపేశారు, మనమూ ఆపేద్దాం" అన్న మాట బాగా తిరిగింది.

అమెరికాలో ఆపారన్నది నిజమే. మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ చార్లెస్ నగర కౌన్సిల్ 2025 ఆగస్టులో కొత్త డేటా సెంటర్లను ఏడాది పాటు నిలిపివేసింది. ఊరి తాగునీటి బావుల దగ్గర 440 ఎకరాల్లో రావాల్సిన ప్రాజెక్టు మీద జనం గట్టిగా నిలబడ్డాక జరిగిందది. జార్జియా రాష్ట్రంలో కొన్ని కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) నెలల లెక్కన ఆపి నిబంధనలు తిరగరాసుకుంటున్నాయి. ప్రపంచంలోనే డేటా సెంటర్లు అత్యధికంగా ఉన్న చోటు వర్జీనియాలోని లౌడన్ కౌంటీ. అక్కడ కొన్ని జోన్లలో వీటికి బహిరంగ విచారణ అవసరమే ఉండేది కాదు, ప్లాను సరిగ్గా ఉంటే కట్టుకోవచ్చు. 2025 మార్చిలో ఆ వెసులుబాటు తీసేశారు. ఇప్పుడు ప్రతి కొత్త ప్రతిపాదనా కౌంటీ బోర్డు ముందుకు రావాలి. సింగపూర్ అయితే 2019లో కొత్తవాటిని ఆపి, 2022లో కరెంటు పొదుపు మీద గట్టి షరతులతో తలుపు తెరిచింది.

కానీ అక్కడ కౌంటీకి, నగరానికి జోనింగ్ చట్టం రాసుకునే అధికారం ఉంది. మన పంచాయతీకి లేదు. మాస్టర్ ప్లాన్ పట్టణాభివృద్ధి సంస్థది, మార్పిడి మీద ఆఖరి మాట ప్రభుత్వానిది. పంచాయతీ చేతిలో ఉన్నది గ్రామసభ, తీర్మానం, అభ్యంతరాల గడువు. ఈ మూడింటితో ఫైలును చట్టబద్ధంగా నిలిపే దారి ఒకటే: జవాబు లేకుండా ముందుకు వెళ్తే రేపు కోర్టులో నిలబడదని పై అధికారికి అనిపించేంత గట్టి ప్రశ్నలు వేయాలి. అధికారులు దీన్ని మొండితనంగా చూడరు. చాలామంది ఇలాంటి కాగితం కోసమే ఎదురుచూస్తుంటారు.

నీళ్లు

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర. ఈ ఒక్క అంకె పక్కన పెట్టుకొని రిపోర్టు చదవాలి.

డేటా సెంటర్‌లో సర్వర్లు రాత్రీపగలూ వేడెక్కుతూనే ఉంటాయి. ఆ వేడిని బయటికి పంపే పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకటి కూలింగ్ టవర్: నీళ్లు ఆవిరై వేడిని తీసుకుపోతాయి. కరెంటు తక్కువ, నీళ్లు ఎక్కువ. రెండోది ఎయిర్ కూల్డ్ చిల్లర్: మూసిన పైపుల్లో అవే నీళ్లు తిరుగుతుంటాయి, పెద్ద ఫ్యాన్లు వేడిని గాలిలోకి తోస్తాయి. నీళ్లు దాదాపు ఖర్చు కావు, కరెంటు బిల్లు పెరుగుతుంది, శబ్దమూ పెరుగుతుంది. రిపోర్టులో ఏ పద్ధతో రాయలేదు. డ్రాయింగులో మాత్రం కూలింగ్ టవర్లు గీసి ఉన్నాయి.

ఈ రంగంలో సగటుగా చెప్పే లెక్క యూనిట్ కరెంటుకు 1.8 లీటర్లు. 20 మెగావాట్లు రోజంతా నడిస్తే 4 లక్షల 80 వేల యూనిట్లు. అంటే రోజుకు 8 లక్షల 64 వేల లీటర్లు. గ్రామసభలో ఈ అంకె చెబితే ఎవరికీ ఏమీ అనిపించలేదు. 5 వేల లీటర్ల ట్యాంకర్లుగా మార్చి 173 అని చెప్పాక షామియానా కింద సద్దుమణిగింది. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు, ఆ ప్రకారం 15,700 మందికి సరిపోయే నీళ్లవి. ఆ ఊరి జనాభా అందులో మూడో వంతు కూడా ఉండదు.

నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారన్న చోట 'హంద్రీ-నీవా నుంచి ప్రతిపాదిత కేటాయింపు' అని రాశారు. కేటాయింపు ఉత్తర్వు జతచేయలేదు. అసలు హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం డిజైనే శ్రీశైలం వెనుక జలాల నుంచి వరద వచ్చే 120 రోజుల్లో 40 టీఎంసీలు ఎత్తిపోయడానికి వేసింది. వరద రోజుల్లో వచ్చే నీటితో మే నెలలో నడవాలంటే నిల్వ చేసే చెరువో రిజర్వాయరో ఉండాలి. లేకపోతే ఏం చేస్తారో అందరికీ తెలుసు, బోర్లు వేస్తారు. వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) కింద బోరుకు అనుమతి తీసుకోవాలి కదా అని ఒక కుర్రాడు అన్నాడు. నిజమే. అయితే తవ్విన తర్వాత పక్క బోరు ఎండిందని నిరూపించే భారం ఎండినవాడి మీదే పడుతుంది. ఎండకముందు మట్టం ఎంత ఉందో ఎక్కడా రాసి లేకపోతే ఎలా నిరూపిస్తాడు?

అందుకే 90 రోజుల్లో మేము చేసిన మొదటి పని ముందస్తు కొలతలు. ఆ 40 ఎకరాల చుట్టూ ఉన్న మూడు బోర్లు ఎంచుకున్నాం. పదిహేను రోజులకొకసారి, తెల్లవారుజామున, మోటార్లు వేయకముందే కొలవాలి. పగలు వ్యవసాయ కరెంటు రాగానే అందరూ ఒకేసారి ఆన్ చేస్తారు, అప్పుడు కొలిస్తే అంకెకు అర్థం ఉండదు. టేపు చివర చిన్న ప్రోబ్ ఉంటుంది, నీళ్లు తగలగానే పైన రీలులో కీచుమని మోగుతుంది. మొదటి రోజు పెద్దాయన బోరు దగ్గర టేపు మోటారు పైపు క్లాంపుకు తట్టుకొని 60 అడుగుల దగ్గర ఇరుక్కుపోయింది. ఆయన నా చేతిలోంచి టేపు తీసుకొని, బావిలో చేంతాడు ఆడించినట్టు రెండుసార్లు మెల్లగా ఆడించి వదిలాడు. 118 అడుగుల దగ్గర మోగింది. "ఎప్పుడూ ఇంతేనా?" అని అడిగితే, "నాకేం తెలుసప్పా, నీళ్లొస్తే ఉన్నట్లు, రాకుంటే లేనట్లు" అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ బోరు మీద బతికిన మనిషికి దాని లోతులో నీళ్లు ఎక్కడున్నాయో ఆ పొద్దున తెలిసింది. ఏప్రిల్ చివరికి అదే బోరులో 131 అడుగులు. డేటా సెంటర్ రాకముందే, మామూలు వేసవికే పడిపోయిన మట్టం అది.

కంపెనీని అడిగిన ప్రశ్న కూడా మార్చాం. సగటు వాడకం అడగలేదు. మే నెలలో అన్నిటికంటే వేడైన రోజు ఎన్ని లీటర్లు అని అడిగాం. ఏడాది సగటు చెప్పేటప్పుడు డిసెంబర్ చలి మే ఎండను కప్పేస్తుంది. ఈ ఒక్క ప్రశ్నకే వాళ్ల ఇంజనీర్లు మూడు వారాలు తీసుకున్నారు. జవాబుతో పాటు డ్రాయింగూ మారింది.

నా వల్ల జరిగిన పొరపాటు

వాయిదా మొదలైన పదో రోజున సంప్రదింపుల సమావేశం పెట్టాం. ఎవరికి కబురు పంపాలో జాబితా తయారుచేసింది నేనే. ఆ 40 ఎకరాలకు ఆనుకొని ఉన్న సర్వే నంబర్ల రైతులందరినీ రాశాను, ఊరి వార్డు మెంబర్లను రాశాను. నోటీసు తెలుగులో, పెద్ద అక్షరాలతో వేయించాను. అన్నీ సరిగ్గా చేశాననుకున్నాను.

సమావేశం అయిన మూడో రోజు పక్క మజరా (శివారు పల్లె) నుంచి ఒక రైతు మా ఆఫీసుకు వచ్చాడు. నాలుగెకరాల చీనీ తోట. చెట్లు ఏడో ఏట ఉన్నాయి, కాపు బాగా అందుకునే వయసు. "మా తోట మీంద టవర్ లైను పోతాదంట. మాకు ఒక మాట చెప్పేది లేదా సార్?" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

20 మెగావాట్ల సర్వర్లకు, వాటిని చల్లబరిచే యంత్రాలతో కలిపి 30 మెగావాట్ల దాకా కావాలి. ఊరికున్న 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో 5 ఎంవీఏ (దాదాపు 5 మెగావాట్ల భారం మోసే) ట్రాన్స్‌ఫార్మర్లు రెండు. వాటితో అయ్యే పని కాదు, 132 కేవీ లైను రావాలి. దగ్గరి సబ్‌స్టేషన్ 6 కిలోమీటర్లు. 132 కేవీ లైను కింద 27 మీటర్ల వెడల్పున కారిడార్ వదలాలి, అందులో ఎత్తు పెరిగే చెట్లు ఉండకూడదు, కట్టడాలు ఉండకూడదు. 6 కిలోమీటర్లను 27 మీటర్లతో గుణిస్తే 40 ఎకరాలు వస్తుంది. డేటా సెంటర్ ఎంత భూమిలో వస్తుందో అంత భూమి మీదుగా లైను పోతుంది. ఆ రెండో 40 ఎకరాల రైతులు ఏ నోటీసులోనూ లేరు. అధికారిక నోటీసులో లేకపోవడం అటుంచి, నేను రాసిన జాబితాలోనే లేరు.

వర్జీనియాలో ప్రిన్స్ విలియం కౌంటీ 2023 డిసెంబర్‌లో సుమారు 2,100 ఎకరాల డేటా సెంటర్ల ప్రాజెక్టుకు జోన్ మార్పు ఆమోదిస్తే, 2025 ఆగస్టులో కోర్టు చెల్లదంది. పబ్లిక్ నోటీసు చట్టప్రకారం ఇవ్వలేదన్నది కారణం. ఆ వార్త చదివినప్పుడు అది అధికారుల నిర్లక్ష్యం అనుకున్నాను. అలాంటి తప్పు ఎంత సులువుగా జరుగుతుందో ఆ రైతు నా ఎదుట కూర్చున్నప్పుడు అర్థమైంది. లైను పోయే దారి మ్యాపు తెప్పించి, సర్వే నంబర్లు తీసి, రెండో సమావేశం పెట్టాం. పన్నెండు రోజులు పోయాయి. మొదటి సమావేశానికి ముందే ఆ మ్యాపు అడిగి ఉండాల్సింది.

శబ్దం

దీనికి అంత తర్జనభర్జన జరగలేదు, కానీ ఒక రాత్రి చెప్పుకోవాలి. ఆ భూమికి దగ్గరి ఇల్లు 130 మీటర్లలో ఉంది. రాత్రి రెండు గంటలకు ఆ ఇంటి వాకిట్లో నులకమంచం మీద సౌండ్ మీటర్ పెట్టి కూర్చున్నాం. 33 డెసిబెల్స్. హైవే మీద లారీ పోయినప్పుడు 38, దూరంగా కుక్క అరిస్తే 41. ఇంటావిడ టీ తెచ్చి, "అంత మెల్లగా మాట్లాడతారేం?" అంది. మీటరు మా మాటలు పట్టకూడదని.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. అదే పారిశ్రామిక ప్రాంతమైతే 70 దాకా పోవచ్చు. అంటే మాస్టర్ ప్లాన్ మ్యాపులో రంగు మారడంతోనే, గోడకు ఆవలి ఇంటికి ఏ హద్దు వర్తిస్తుందన్న తగాదా పుడుతుంది. 1000 కేవీఏ సామర్థ్యం లోపు జనరేటర్‌కు ఒక మీటరు దూరంలో 75 డెసిబెల్స్ పరిమితి ఉంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 తగ్గుతుంది కాబట్టి 128 మీటర్ల దగ్గర 33కు వస్తుంది. ఒకటే అయితే ఫరవాలేదు. ఇరవై ఒకేసారి మోగితే 13 కలుస్తుంది, 46 అవుతుంది. పైగా ఇలాంటి చోట్ల పెట్టే జనరేటర్లు తరచూ 1000 కేవీఏ దాటే ఉంటాయి. చిల్లర్ ఫ్యాన్ల హోరు వేరే, అది కరెంటు పోయినప్పుడే కాదు, ఏడాది పొడవునా ఉంటుంది. అందుకని యంత్రం దగ్గర కొలవడం కాకుండా, దగ్గరి ఇంటి గోడ దగ్గర రాత్రి కొలత 45 దాటకూడదని రాశాం.

పన్ను గురించి ఒక మాట

లౌడన్ కౌంటీకి డేటా సెంటర్ల వల్ల పన్ను బాగా వస్తుందని కంపెనీ తరఫువాళ్లు చెప్పారు. వస్తుంది, నిజమే. అక్కడ లోపలున్న కంప్యూటర్ పరికరాల మీద కూడా కౌంటీ పన్ను వేస్తుంది. మన పంచాయతీ ఇంటిపన్ను భవనం మీద వేసేది, కోట్ల విలువైన సర్వర్లు అందులోకి రావు. ఈ తేడా చెప్పకుండా ఆ పోలిక తేవడం సరికాదని ఆ సమావేశంలోనే అన్నాను. ఉద్యోగాల విషయంలోనూ, కట్టేటప్పుడు ఎందరు, నడిపేటప్పుడు ఎందరు అని రెండు అంకెలుగా విడగొట్టి ఇమ్మన్నాం. రెండో అంకె చాలా చిన్నది. బెంగళూరులో కొడుకున్న ఆ తల్లికి అది చూపించడం నాకు కష్టంగానే అనిపించింది. అయినా చూపించాను.

ఏం రాసి పంపాం

నాలుగు పేజీలు. మొదటిది నిర్వచనం: డేటా సెంటర్ అంటే ఐటీ ఆఫీసు కాదు, గోడౌన్ కాదు, దానికి జోనింగ్ పట్టికలో సొంత పద్దు ఉండాలి. పరిమాణానికి గీత ఎక్కడ గీయాలన్నదానికి కొత్త అంకె కనిపెట్టలేదు. 2022లో కేంద్రం డేటా సెంటర్లకు మౌలిక సదుపాయాల హోదా ఇచ్చినప్పుడు 5 మెగావాట్ల గీత పెట్టింది, అదే తీసుకున్నాం. అది దాటితే వ్యవసాయ జోన్ మార్పిడికి నీటి కేటాయింపు ఉత్తర్వు, లైను దారి మ్యాపు రెండూ దరఖాస్తుతో పాటే రావాలి, తర్వాత కాదు. నోటీసు లైను దారి రైతులకూ వెళ్లాలి. చుట్టూ మూడు బోర్ల మట్టాలు ప్రతి నెలా పంచాయతీ బోర్డు మీద రాయాలి. ఇళ్ల వైపు సెట్‌బ్యాక్ (వదలాల్సిన ఖాళీ జాగా) ఎన్ని మీటర్లని రాయాలా, డెసిబెల్స్‌లో రాయాలా అని నేనూ అథారిటీ ఇంజనీరూ గంటసేపు వాదించుకున్నాం. ఆయన మీటర్లన్నారు, కొలవడం తేలిక అని. చివరికి రెండూ రాశాం.

గడువు ముగిసేలోపు కంపెనీ సవరించిన ప్లాను ఇచ్చింది. కూలింగ్ టవర్లు తీసేసి ఎయిర్ కూల్డ్ చిల్లర్లు పెట్టారు. నీటి వాడకం పాత లెక్కలో పదో వంతుకు లోపే ఉంటుందని రాసిచ్చారు. కరెంటు పెరిగింది, దాన్ని దాచలేదు. జనరేటర్లను ఊరి వైపు నుంచి గుట్ట వైపుకు జరిపారు. లైను దారి మాత్రం ఇంకా తేలలేదు. వంక (వాగు) గట్టు వెంట తీసుకుపోతే చీనీ తోట తప్పుతుంది, కానీ ఒకటిన్నర కిలోమీటర్లు పొడుగవుతుంది. దాని ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గర మాటలు ఆగాయి.

ఫైలు ఇప్పుడు పై స్థాయిలో ఉంది. మేమిచ్చిన పద్దు రాష్ట్రమంతటికీ నిబంధనగా వస్తుందా, ఈ ఒక్క ఫైలుకు షరతుగా మిగులుతుందా అన్నది అక్కడ తేలాలి. టేపు ఊళ్లోనే వదిలేసి వచ్చాను. పెద్దాయన మనవడు పదిహేను రోజులకొకసారి తెల్లవారుజామున మూడు బోర్లూ కొలిచి, పంచాయతీ ఆఫీసు నల్లబోర్డు మీద సుద్దతో రాసి, ఫోటో తీసి నాకు పంపుతున్నాడు. మొన్న వచ్చిన ఫోటోలో మొదటి బోరు 134. దాని కింద ఎవరో చిన్న అక్షరాలతో నిరుటి అంకె ఎంతని అడిగారు. నిరుటి అంకె లేదు.